పంచదార డబ్బాకి తాళం

సోమవారం ఉదయం ఆరున్నరకి అత్త బాత్రూం గుమ్మంలో పడిపోయింది. చెంబు దొర్లిన చప్పుడుకి కోడలు వంటింట్లోంచి వచ్చింది. అత్త కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలుకుతోంది గానీ మాట ముద్దగా వస్తోంది.

"దాహం," అంది. "రాత్రంతా తాగడం, లేవడం, తాగడం, లేవడం. ఆ కుళాయేదో నా మంచానికే బిగించండి."

ఆసుపత్రిలో వేలు గుచ్చి చూశారు. షుగర్ ఐదు వందలు దాటింది. కుర్ర డాక్టరు ఆ అంకె చూసి, అత్తని కాదు, కోడలిని అడిగాడు.

"ఇన్సులిన్ ఇస్తున్నారా?"

"రోజూ రెండు పూటలా. నేనే ఇస్తానండీ."

"మధ్యలో మానేశారా?"

"ఒక్క పూట కూడా మానలేదు."

"అయితే ఏదో తింటోంది." అప్పుడు అత్త వైపు తిరిగాడు. "ఏం లాగిస్తున్నావమ్మా దొంగచాటుగా? స్వీట్లా?"

"పళ్లన్నీ ఊడిపోయాయి నాయనా. దొంగతనానికి కూడా దవడ ఉండాలిగా," అంది అత్త.

పక్క మంచం దగ్గరివాళ్లు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. దుప్పటి ఎత్తి పాదాలు చూశాడు. కుడికాలి బొటనవేలికి పాత చీర ముక్క చుట్టి ఉంది. విప్పితే కింద పుండు. అంచులు నల్లబడ్డాయి.

"ఇదెప్పటిదమ్మా?" అన్నాడు కొడుకు.

"చెప్పు కరిచిందిరా. ఆ కాస్తదానికి డాక్టరెందుకని."

కొడుకు బస్సు డిపోలో మెకానిక్. ఓవర్‌టైం తీసేసినప్పటి నుంచి ఇంట్లో ఎవరూ ఏదీ కావాలని అడగడం లేదు. అతను తల్లి పాదం వైపు కాసేపు చూసి, బయటికెళ్లి వరండాలో నిలబడ్డాడు.

ఆసుపత్రి ఇన్సులిన్‌తో మర్నాటికి షుగర్ సగానికి పైగా దిగింది. పుండుకి కట్టు కట్టి, మాత్రలు రాసి, సాయంత్రం ఇంటికి పంపేశారు. పంపేముందు డాక్టరు కోడలిని పక్కకి పిలిచాడు.

"చూశారుగా. ఇక్కడ తిండి మా చేతిలో ఉంది కాబట్టి తగ్గింది. ఇంట్లో మీ చేతిలో ఉండాలి. ఆవిడ మాట నమ్మకండి, డబ్బాలు చూసుకోండి."

కోడలు ఇంటికి రాగానే డబ్బాలు చూసింది.

ఆమె పని సరుకుల హోల్‌సేల్ కొట్టు వెనక గదిలో. బస్తాలోంచి రేకు డబ్బాతో పంచదార ముంచి సంచిలో పోయడం, కాటా మీద పెట్టడం, మూతి మడిచి సీలు మెషీన్ కింద నొక్కడం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. మొదట్లో కాటా ముల్లు చూసి రెండు చెంచాలు తీసేది, ఒక చెంచా వేసేది. ఇప్పుడు చూడదు. సంచి అరచేతిలోకి రాగానే తెలుస్తుంది. అరకిలోకి అటూ ఇటూ అయితే చేతికి ఏదో తేడా కొడుతుంది. కొట్టాయన అప్పుడప్పుడూ కొత్తవాళ్లని పిలిచి, "ఈవిడ చేతికి తూనికలవాళ్ల ముద్ర వేయించి కాటా అమ్మేద్దామనుకుంటున్నా," అనేవాడు.

ఆ చేత్తోనే పంచదార డబ్బా ఎత్తింది. ఒకసారి దించి మళ్లీ ఎత్తింది. నెల మొదట్లో పోసింది. పొద్దున ఇద్దరి టీకి ఒక్కొక్క చెంచా. మధ్యాహ్నం డిపోకి వెళ్లేముందు ఆయన ఫ్లాస్కులోకి రెండు. అత్తకి సున్నా. ఆ లెక్కన ఉండాల్సిన బరువు ఆమె చేతికి తెలుసు. డబ్బాలో అంత లేదు. పావుకిలో పైనే తక్కువ.

"అత్తయ్యా."

అత్త మంచం మీద కాలు దిండుకి ఎత్తి పెట్టుకుని ఉంది.

"డబ్బాలో పంచదార తగ్గింది."

"వాడితే తగ్గదా అమ్మాయ్?"

"వాడిన దానికన్నా తగ్గింది."

అత్త ఆమె మొహంలోకి చూసింది. తర్వాత కొడుకు వైపు చూసింది. అతను గోడకి ఆనించిన సైకిల్ గొలుసు సరిచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"నేను తీసుకోలేదు," అంది అత్త.

"మరి?"

"చీమలు పట్టుకెళ్లాయేమో. వాటికీ సంసారాలున్నాయి."

"నవ్వులాట కాదత్తయ్యా. కాలు పోతుందని చెప్పాడు డాక్టరు."

"నా కాలు కదటే. నాకుండదా భయం?"

కోడలు డబ్బాని బట్టల ఇనపపెట్టెలో, దుప్పట్ల కింద పెట్టి తాళం వేసింది. తాళంచెవి తను పనికి పట్టుకెళ్లే సంచిలో వేసుకుంది.

రాత్రి అన్నానికి ముందు ఫ్రిజ్ మధ్య అరలోంచి తువ్వాలు మూట తీసింది. అందులో ఇన్సులిన్ సీసాలు. మూడు కలిపి కొంటే తగ్గించి ఇస్తామన్నాడు మందుల షాపతను. వాడుతున్న సీసాని రెండు అరచేతుల మధ్య పెట్టి దొర్లించింది. మందు పాలలా కలవాలి. ఈమధ్య అడుగున రవ్వలా ఏదో మిగులుతోంది. గాజుకి లోపల తెల్లటి పొర అంటుకుంటోంది. ఇంకాసేపు దొర్లించింది. రవ్వ కాస్త విడిపోయింది. సూదిలోకి లాగి, బుడగ పోగొట్టి, అత్త పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టుకుని గుచ్చింది.

"నీ చెయ్యి మంచిదే," అంది అత్త. "గుచ్చినట్టే ఉండదు. నోరే."

బుధవారం పొద్దున పనికి వెళ్లేముందు రోజూ చేసేదే చేసింది. ఫ్రిజ్ పై గదిలో రాత్రంతా గడ్డకట్టిన నీళ్ల సీసాలు తీసి మధ్య అరలో పెట్టింది. రెండింటిని పాలగిన్నెకి చెరోవైపు ఆనించింది. మిగతా రెంటి మధ్య మందు సీసాలు పెట్టి, కదలకుండా తువ్వాలు చుట్టింది. తర్వాత ఫ్రిజ్ ప్లగ్గు పీకేసింది. సాయంత్రం వచ్చాక మళ్లీ పెడుతుంది.

ఇలా మొదలుపెట్టిన నెలలోనే కరెంటు బిల్లు ఒక స్లాబు కిందికి దిగింది. పాలు విరగలేదు. కూర పాడవలేదు. ఇంట్లో అందరికీ ఆమె చెప్పింది ఒక్కటే. పగలు తలుపు తియ్యకండి, చల్లదనం పోతుంది. ఇద్దరూ తియ్యలేదు. మందు సంగతిలో మాత్రం ఆమెకి భయం ఉండేది. వేడి తగిలితే పనికిరాదమ్మా అని షాపతను చెప్పాడు. అందుకే అన్నింటికన్నా చల్లటి చోటు దానికిచ్చింది.

చెప్పులు వేసుకుంటుంటే భర్త ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు.

"నా టీలోకి కాస్త పంచదార తీసిచ్చి వెళ్లు."

"కాస్తంటే రెండు చెంచాలేగా?"

అతను ఒక్క క్షణం ఆగాడు.

"ఆ. రెండే."

పెట్టె తాళం తీసి, రెండు చెంచాలు గీసి కాగితంలో పోసి పొట్లం కట్టి ఇచ్చింది. మంచం మీదనుంచి అత్త కొడుకునే చూస్తోంది. అతను పొట్లం చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం పనినుంచి రాగానే కోడలు అత్త వేలు గుచ్చి షుగర్ చూసింది. పరీక్ష పట్టీలు ఖరీదని అంతకుముందు ఎప్పుడో గానీ చూసేవాళ్లు కాదు. డాక్టరు రోజూ చూడమన్నాడు. మిషను మీద నాలుగు వందల ముప్ఫై వచ్చింది. పట్టీ పాడైందేమోనని ఇంకొకటి తీసింది. నాలుగు వందల ఇరవై ఎనిమిది.

"ఎక్కణ్ణించి వచ్చింది?" అంది కోడలు.

"ఏది?"

"డబ్బా నా దగ్గరుంది. ఎవరిచ్చారు?"

"నాకిచ్చేవాళ్లు ఎవరున్నారే? మందుబిళ్ల మింగడానికి గ్లాసుడు నీళ్లిచ్చేవాళ్లు లేరు పగలంతా."

గోడకి అవతల వాటాలో జాకెట్లు కుట్టే ఆవిడ ఉంటుంది. కోడలు చెప్పులు విప్పకుండానే అక్కడికి వెళ్లింది. టైలరు మిషను మీదినుంచి కాలు తీయకుండా విన్నది.

"నేనా? మీ అత్తకి స్వీట్లు పెట్టానా?"

"పెట్టారని కాదు. పెట్టొద్దని చెబుతున్నా."

"ఆ రెంటికీ తేడా నాకు తెలుసులేమ్మా." సూది కింద గుడ్డ తిప్పింది. "మొన్న మజ్జిగ ఇస్తే, మా కోడలు తిడుతుందని గుమ్మంలోనే తాగేసి గ్లాసు కడిగిచ్చింది. ఇంక అదీ ఇవ్వను. సరేనా?"

మిషను చప్పుడు మళ్లీ మొదలైంది. కోడలు తిరిగొచ్చేసరికి అత్త కూర్చుని ఉంది. గోడలు పలచన. అంతా వినపడింది.

"వీధిలో దండోరా కూడా వేయించు," అంది. "ఇంత ముసలిది బెల్లంముక్క కోసం ఇళ్లమ్మట తిరుగుతోందని."

"నేనన్నది అది కాదు."

"ఈ కాలితో తిరుగుతున్నానని కూడా చెప్పు. నమ్ముతారు."

శుక్రవారం అత్త అన్నం మానేసింది. అలకేమో అనుకున్నారు. ఆకలి లేదంది. పగలు ఏమీ తినకపోయినా సాయంత్రం అంకె తగ్గలేదు. కోడలు దిండు గలీబు తిరగేసింది. పరుపు ఎత్తింది. అత్త ట్రంకుపెట్టెలో చీరలు ఒక్కొక్కటే దులిపింది. కొడుకు గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"వదిలెయ్, బాబూ," అన్నాడు. ఎవరితో అన్నాడో తెలియలేదు.

"ఏం వదిలెయ్యాలి? మీరు అడగండి. మీ అమ్మేగా. నేనడిగితే అత్తమీద కోడలి సాధింపు అంటారు."

అతను వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. గోళ్లలో ఇంజనాయిలు నల్లగా ఉంది. వాటినే చూసుకుంటూ అడిగాడు.

"అమ్మా. నిజం చెప్పు. తింటున్నావా?"

అత్త దిండు మీద తల ఇటు తిప్పింది. ఊపిరి తొందరతొందరగా తీస్తోంది. చెయ్యి చాపి కొడుకు చొక్కా జేబు తట్టింది. జేబులో ఏమీ లేదు.

"తిన్నానురా."

"పంచదారేనా?"

"పంచదారే. డబ్బాలోంచి. నేనే." కోడలి వైపు తిరిగింది. "విన్నావుగా. ఇంక ఆ చీరలు మడతపెట్టు. పడుకుంటాను."

కోడలు చీరలు మడతపెట్టింది. కొడుకు మంచం పట్టె మీదనుంచి లేచి, నీళ్లు తాగి, మళ్లీ వచ్చి అక్కడే కూర్చున్నాడు. కోడలికి ఆ రాత్రి చాన్నాళ్ల తర్వాత నిద్ర పట్టింది. శని, ఆదివారాలు తను ఇంట్లో ఉన్నంతసేపూ అత్తని కనిపెట్టుకునే ఉంది. ఇన్సులిన్ రెండు పూటలా ఇచ్చింది. ప్రతిసారీ రవ్వ విడిపోయేదాకా దొర్లించింది.

సోమవారం తెల్లవారేసరికి అత్త రెండుసార్లు వాంతి చేసుకుంది. ఊపిరి కుక్కపిల్ల రొప్పినట్టు ఉంది. నోటినుంచి మగ్గిన పండు వాసన వస్తోంది.

"చూడండి," అంది కోడలు భర్తతో. "ఇంకా ఏదో తిన్నట్టే వాసన."

ఆసుపత్రిలో అది తిన్న వాసన కాదన్నారు. ఒంట్లో ఇన్సులిన్ లేనప్పుడు వచ్చే వాసన అన్నారు. ఇచ్చామని కోడలు చెప్పింది. ఇచ్చినా చాలనంత తిని ఉంటుందన్నాడు కుర్ర డాక్టరు. "తిన్నానని ఒప్పుకుందండీ," అన్నాడు కొడుకు. అన్నాక తల్లి మంచం వైపు చూడలేదు.

కట్టు విప్పారు. బొటనవేలి నలుపు పాదం మధ్యదాకా వచ్చింది. పెద్ద డాక్టరు వచ్చి మడమ పైన వేలితో నొక్కి చూశారు. చీము ఎముకదాకా వెళ్లిందన్నారు. షుగర్ కాస్త దిగాక, మంగళవారం మధ్యాహ్నం, మోకాలి కింద తీసేస్తామన్నారు. కొడుకు సంతకం పెట్టాడు. కలం తిరిగి ఇవ్వడం మరిచిపోయి జేబులో పెట్టుకుంటే నర్సు అడిగి తీసుకుంది.

రాత్రి అతను ఆసుపత్రిలో ఉన్నాడు. కోడలు ఇంటికొచ్చి స్నానం చేసి, పొద్దున మళ్లీ బయల్దేరింది. వెళ్లేముందు నీళ్ల సీసాలు మధ్య అరలోకి దించింది. తువ్వాలు చుట్టింది. ప్లగ్గు పీకింది. చేతులు వాటంతటవే చేశాయి.

వార్డులో నర్సు ఇన్సులిన్ ఇస్తోంది. సీసాని అరచేతుల మధ్య పెట్టి నాలుగైదుసార్లు దొర్లించింది, అంతే. మందు తెల్లగా కలిసిపోయింది. అడుగున ఏమీ లేదు. గాజు శుభ్రంగా ఉంది.

"ఇదీ మేం వాడేదీ ఒకటేనా?" అంది కోడలు.

నర్సు మూత మీద పేరు చూపించింది. ఒకటే.

"మాది ఇంత తొందరగా కలవదు. రవ్వ ఉంటుంది."

"పాతదేమో. మీ ఇంట్లో తెరవని సీసాలున్నాయా? ఉంటే పట్టుకురండి. స్టాకు లేదు, మీరు బయట కొనాల్సొస్తుంది. ఉన్నది వాడుకుంటే ఆ డబ్బులు మిగులుతాయి."

కోడలు బస్సెక్కింది. ఫ్రిజ్ ఆపడం మొదలుపెట్టాక పగటిపూట ఆమె ఇంటికి రావడం అదే మొదటిసారి. తాళం తీసి లోపలికెళ్లి ఫ్రిజ్ తలుపు తీసింది. తువ్వాలు గట్టిపడి సీసాలకి అంటుకుంది. లాగితే చిరుగుతున్న చప్పుడు వచ్చింది. తెరవని సీసా ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుంది.

వంచింది. లోపల ఏమీ కదల్లేదు.

తలకిందులు చేసింది. కదల్లేదు. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెలుగులో చూసింది. మందు గడ్డకట్టి ఉంది. ఇంకో సీసా తీసింది. అదీ అంతే. వాడుతున్న సీసా తీసింది. అదీ. నూకలంత తెల్లటి గడ్డలు గాజులోపల అంటుకుని ఉన్నాయి.

నేలమీద కూర్చుంది. సీసాలు ఒళ్లో పెట్టుకుని కదలకుండా ఉంది. గోడ అవతల కుట్టుమిషను ఆగింది, మళ్లీ మొదలైంది. కాసేపటికి ఒక సీసాలో, గాజుకి ఆనుకున్న చోట, ఐసు కరగడం మొదలైంది. సాయంత్రం ఆమె పనినుంచి వచ్చేసరికి పూర్తిగా కరిగిపోతుంది. ఆమె రోజూ చూసేది ఆ కరిగిన మందునే.

మూడు సీసాలూ తువ్వాల్లో చుట్టి ఆసుపత్రికి తెచ్చింది. నర్సు ఒకటి ఎత్తి పట్టుకుని చూసింది.

"ఇది గడ్డకట్టిన మందమ్మా. పనికిరాదు. ఇచ్చినా నీళ్లిచ్చినట్టే. ఎక్కడ పెట్టారు, పై గదిలోనా?"

"కాదు. కింద. చల్లగా ఉండాలని."

"ఎన్నాళ్ల నుంచి?"

కోడలు చెప్పింది. నర్సు సీసాలు చెత్తడబ్బాలో వెయ్యబోయి ఆగి, ఆమె మొహం చూసి, తిరిగి తువ్వాల్లో పెట్టింది.

కుర్ర డాక్టరు వరండాలో ఇంకొకరి ఎక్స్‌రే చూస్తున్నాడు.

"డాక్టర్‌గారూ, మా అత్తయ్య పంచదార తినలేదండీ. మందు పాడైంది. నేనే పాడుచేశాను. కరెంటు కలిసొస్తుందని ఫ్రిజ్ ఆపేసేదాన్ని."

అతను ఎక్స్‌రే దించాడు. ఏదో అడగబోయాడు. థియేటర్ వైపునుంచి ఎవరో పిలిచారు.

"తిన్నానని ఆవిడే చెప్పిందన్నారుగా?"

"చెప్పింది. కానీ తినలేదు."

"ఏదైతేనేం, ఇప్పుడు చెయ్యాల్సింది ఒకటేనమ్మా," అని వెళ్లిపోయాడు.

అత్తకి ఆకుపచ్చ గౌను తొడిగారు. జుట్టుకి గుడ్డ కట్టారు. కొడుకు స్ట్రెచర్ కాళ్లవైపు నిలబడ్డాడు. చేతిలో ఫ్లాస్కు ఉంది, మూత తీయలేదు. కోడలు తలవైపు వెళ్లి వంగింది.

"అత్తయ్యా. మీరు పంచదార తినలేదు."

"ఆ సంగతి నాకు తెలీదటే?" అంది అత్త. గొంతు పీలగా ఉంది.

"తప్పు నాది. ఫ్రిజ్‌లో ఐసు సీసాల మధ్య పెట్టాను. మందు గడ్డకట్టింది. నేను మీకు ఇచ్చిందంతా వట్టి నీళ్లు."

అత్త విన్నది. కళ్లు మూసి తెరిచింది. ఆమెకి అర్థమైందో లేదో కోడలికి తెలియలేదు.

"తిన్నానని ఎందుకు చెప్పారు మరి?"

"వాడు అడిగాడు కదా. చెప్పకపోతే ఎవరు తిన్నారని అడుగుతావు తర్వాత." కాళ్లవైపు చూసింది. "వాడికి టీలోకి నాలుగు చెంచాలుండాలి. చిన్నప్పటినుంచీ అంతే. రెండంటే వాడు తాగలేడు. బయట టీ మానెయ్యమన్నావు, మానేశాడు. ఆ కాస్త కూడా లేకపోతే ఎట్లా? ఆ డబ్బా తాళం తీసెయ్."

కోడలు తలెత్తింది. భర్త ఆమెని చూడటం లేదు. ఫ్లాస్కు మూతని బొటనవేలితో బిగిస్తున్నాడు. అది బిగిసే ఉంది.

వార్డు బాయ్ వచ్చి స్ట్రెచర్ బ్రేకు తీశాడు. చక్రం ఒకటి కిర్రుమంది.

"కాస్త నూనె వెయ్యరా దీనికి," అంది అత్త కొడుకుతో. "మెకానిక్‌వి కదా."

తలుపులు మూసుకున్నాయి. ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నారు. చాలాసేపటికి కోడలు సంచిలో చెయ్యి పెట్టి ఇనపపెట్టె తాళంచెవి తీసి అతని పక్కన పెట్టింది. అతను దాన్ని తీసుకోలేదు. ఫ్లాస్కు కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. తువ్వాలు మూటలోంచి నీరు కారి ఆమె ఒళ్లో చీర తడిసింది.

ఐదింటికి స్ట్రెచర్ బయటికొచ్చింది. అత్త మత్తులో ఉంది. ఎడమవైపు దుప్పటి పాదం దగ్గర పైకి లేచి ఉంది. కుడివైపు, మోకాలి కిందనుంచి, పరుపుకి ఆనుకుని ఉంది.